సూరత్ లెక్క

1688. సయాం నుంచి ఫ్రాన్సుకు తిరిగి వెళ్తున్న ఓడ. పద్నాలుగో లూయీ తరఫున సయాం రాజు కొలువుకు రాయబారిగా వెళ్లిన సిమోన్ ద లా లూబేర్ అందులో కూర్చుని, కాగితం మీద గళ్లు గీసుకుని అంకెలతో కుస్తీ పడుతున్నాడు. అడ్డంగా కూడినా, నిలువుగా కూడినా, ఐమూలగా కూడినా ఒకే మొత్తం రావాలి. తమ దేశపు గణితవేత్త బాషే చెప్పిన దారిలోనే మాయాచదరాలు పేరుస్తున్నాడు.

అదే ఓడలో విన్సెంట్ అనే వైద్యుడున్నాడు. ఆయన అది చూసి, సూరత్‌లోని భారతీయులు ఇదే పనిని ఇంతకంటే చాలా సులువుగా చేస్తారని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, పక్కన కూర్చుని నేర్పాడు.

పై వరస నడిమి గడిలో 1 వేయాలి. అక్కణ్నుంచి ఎప్పుడూ కుడివైపు పైకి, ఐమూలగా ఒక్కో అడుగు. ఆ అడుగు పైన చదరం దాటిపోతే, అది చేరిన నిలువు వరసలోనే అట్టడుగుకు దిగాలి. కుడివైపు దాటిపోతే, అది చేరిన అడ్డవరసలోనే ఎడమ చివరికి రావాలి. వెళ్లాల్సిన గడిలో అప్పటికే అంకె ఉంటే, ఇప్పుడు వేసిన అంకె కిందే తరవాతది. మూడు గళ్ల చదరంలో పై వరసకు 8, 1, 6 వస్తాయి. నడిమి వరసకు 3, 5, 7. కింది వరసకు 4, 9, 2. ఎటు కూడినా 15. అయిదు గళ్లయినా, ఏడయినా, తొంభైతొమ్మిదయినా ఇదే నడక. ఒక్క కూడిక చేయకుండా కూడికలన్నీ కుదిరిపోవడం ఎన్నిసార్లు వేసి చూసినా ముచ్చటగానే ఉంటుంది.

ఈ 15 చదరాన్ని అద్దంలో చూస్తే మన సూర్యయంత్రమే: 6, 1, 8, 7, 5, 3, 2, 9, 4. రాగిరేకు మీద చెక్కించి పూజగదిలో పెట్టుకునేది అదే. ఐరోపాలో అగ్రిప్పా అనే పండితుడు ఈ చదరాన్ని శనికి కేటాయించాడు. మన పురాణాల ప్రకారం శని సూర్యుడి కొడుకే కదా!

విన్సెంట్ నేర్పింది బేసి గళ్ల చదరాలకే. సరి గళ్ల పద్ధతి కూడా సూరత్‌లో విన్నాడట గానీ మరిచిపోయాడు. నారాయణ పండితుడు 1356లోనే తన గణితకౌముదిలో భద్రగణితం పేరుతో ఒక అధ్యాయమంతా వీటికే ఇచ్చి, సరి చదరాలకూ దారులు చూపాడు. ఆ వైద్యుడి మరుపుతో అటువైపు ఓడెక్కకుండా పోయిన విద్యను తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

లా లూబేర్ మాత్రం నిజాయితీపరుడు. 1691లో అచ్చయిన తన పుస్తకంలో ఈ పద్ధతిని వివరిస్తూ, విన్సెంట్ పేరు రాశాడు, సూరత్ పేరు రాశాడు, ఇది భారతీయులదని విప్పి చెప్పాడు. ఏదీ దాచుకోలేదు.

కానీ ఆ పుస్తకం సయాం రాజ్యం గురించిన పుస్తకం. పేరులోనే సయాం ఉంది.

మూడు వందల ఏళ్లు దాటినా గణిత గ్రంథాల్లో దాని పేరు ‘సయామీ పద్ధతి’.