ఒక్క గులకరాయి

ఫ్రాన్స్ పడమటి కొసన, బ్రిటనీలో, ఓడియెర్న్ అఖాతం ఒడ్డున ట్రెగెన్నెక్ అనే పల్లె ఉంది. అక్కడి ఇసుక తీరం చూపు ఆనినంత దూరం సాగుతుంది. హోటల్ లేదు, కొట్టు లేదు, ఒక్క గొడుగైనా లేదు. 1975లో పెట్టిన ప్రభుత్వ తీర సంరక్షణ సంస్థ ఇలాంటి నేలలు కొని, ఏమీ కట్టనివ్వకుండా కాపాడుతోంది. ఏమీ కట్టకపోవడం కూడా ఇంత అందమైన పని అని నాకు అక్కడే తెలిసింది.

తడి ఇసుకలో పాదం దూర్చి పిచ్చుక గూడు కట్టడం మా పాపకు నేర్పాను. "మా ఊరి వాగులో, వంతెన కింద, రోజూ కట్టేవాళ్లం. ఈ సెలవులకు చూపిస్తాలే" అన్నాను. ఊళ్లో మా ఇంటికి ఆరోజే శ్లాబు. పొద్దున్నే అన్నయ్యకు డబ్బు పంపి బయల్దేరాం.

తిరిగొస్తూ పాప ఒక గులకరాయి ఏరుకుంది. కోడిగుడ్డంత ఉంది, బూడిద రంగు, నడుమ తెల్లటి జీర. జేబులో వేసుకోబోతుంటే, కుక్కతో నడుస్తున్న ఒక పెద్దాయన ఆగాడు.

"అక్కడే పెట్టెయ్యి తల్లీ. రాళ్లు తీసుకెళ్లకూడదు."

"ఒక్కటేగా!" అంది పాప.

ఆయన కోప్పడలేదు. మమ్మల్ని ఇసుక దిబ్బల వెనక మొండి కాంక్రీటు గోడల దగ్గరికి తీసుకెళ్లాడు. ఈ ఒడ్డు పొడవునా ఒకప్పుడు పెద్ద గులకరాళ్ల కట్ట ఉండేదట. బ్రెటన్ భాషలో ఎరో విలి. పోటెత్తిన సముద్రం వెనకున్న చిత్తడి నేలల మీద పడకుండా అదే అడ్డు. 1942లో జర్మన్లు వచ్చి, ఇక్కడే రాళ్లు నలగ్గొట్టే మిల్లు పెట్టి, 'అట్లాంటిక్ గోడ' బంకర్ల కాంక్రీటు కోసం ఆ కట్టను తవ్వుకుపోయారు.

"పోయిన రాళ్లను సముద్రం మళ్లీ తెచ్చివ్వలేదు" అన్నాడు ఆయన.

పెచ్చులూడిన గోడలో తేలిన రాళ్లను పాప వేలితో తడిమింది. ఏమీ అనకుండా వెనక్కి పరుగెత్తి, తన రాయిని ఏరిన చోటే పెట్టి వచ్చింది. నాకు కళ్లు చెమర్చాయి.

రాత్రి అన్నయ్య ఫోను.

"శ్లాబు పడిందమ్మాయ్! ఇసుక దొరక్క ఆగిపోతుందనుకున్నా. నిన్న రాత్రికి రాత్రి మన వాగులోంచే ఇరవై ట్రాక్టర్లు తోలించా. వంతెన కింద నువ్వు పిచ్చుక గూళ్లు కట్టేదానివే, సరిగ్గా అక్కడిదే. ఎంత మంచి ఇసుకనుకున్నావ్!"