శతవాట్ చరిత్రము

కావ్యనాయకుడు ధీరోదాత్తుడై ఉండాలని, గొప్ప వంశంలో పుట్టాలని, కనీసం ఒక సముద్రమైనా దాటాలని లాక్షణికులు చెప్పారు. నా నాయకుడి బలం 100 వాట్లు. ఎల్‌ఈడీలు రాకముందు మన వసారాల్లో ఈగల మరకలతో వేలాడిన గుండు బల్బు బలం ఎంతో అంత. ఆ పాటి తేజస్సుతో ఆకాశంలో ఒక రాజ్యం ఏలాడు, దాన్ని వదులుకున్నాడు, నలభై ఒక్క గడులు దాటిపోయి మరో రాజ్యం కట్టుకున్నాడు. ఇంతకన్నా తక్కువ పని చేసిన రాజుల మీద ఆరేసి ఆశ్వాసాలు రాసిన కవులు మనకున్నారు కాబట్టి నేనూ సాహసిస్తున్నాను.

ముందు వంశవర్ణన. ఎఫ్‌ఎం కులానికి మూలపురుషుడు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్. గరగరలేని రేడియో కోసం ఏళ్ళ తరబడి తపస్సు చేసి 1933లో పేటెంట్లనే వరాలు పొందినవాడు. ఆయన బిడ్డ మొదట్లో 42కీ 50కీ మధ్య మెగాహెర్ట్జ్‌లలో సుఖంగా కాపురం ఉండేది. 1945లో అమెరికా ఎఫ్‌సీసీ, అంటే గాలితరంగాలను పంచిపెట్టే ఇంద్రసభ, కొలువుతీరి, "పై వాతావరణపు పొరల వల్ల అక్కడ అంతరాయం రాగలదు, మీరంతా 88 పైకి జరగండి" అని సెలవిచ్చింది. జనం కొనుక్కున్న లక్షలాది సెట్లు ఒక్క కలం పోటుకు చెక్కపెట్టెలయ్యాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ మొత్తుకున్నాడు, ఎవరూ వినలేదు. అంతరాయం పేరు చెప్పి ఇల్లు ఖాళీ చేయించడం మా నాయకుడికి తాతలనాటి ఆస్తి అని మనవి.

ఇక పురవర్ణన. కథాస్థలం టెన్నెసీ రాష్ట్ర రాజధాని నాష్‌విల్. గిటారు మోగని వీధి ఉండదని పేరున్న ఊరు. ఆ పురద్వారాన పట్టపుటేనుగు డబ్ల్యూఎస్‌ఎం: 1925లో పుట్టింది, ఏఎం 650 మీద 50,000 వాట్లతో ఘీంకరిస్తుంది, ఊరి పక్కన 808 అడుగుల వజ్రాకారపు టవరు దాని తొండం, రాత్రయితే దాని గొంతు రాష్ట్రాల సరిహద్దులు దాటి వినబడుతుంది. ఎఫ్‌ఎం వైపు చూస్తే లక్ష వాట్ల మత్తగజాలకు చట్టమే అనుమతి ఇచ్చింది. ఒక్కో లక్ష వాట్లవాడి ఏలుబడి తొంభై కిలోమీటర్ల దాకా సాగుతుంది. మా నాయకుడిది చుట్టూ 5.6 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే, సైకిలు మీద పాలు పోసేవాడి రూటు.

ఆ ఊరి అంచున, పాస్క్వో అనే పల్లెలాంటి చోట, 2005 ఏప్రిల్‌లో మా నాయకుడు పుట్టాడు. పేరు రేడియో ఫ్రీ నాష్‌విల్. ఫిలడెల్ఫియాకు చెందిన ప్రొమీథియస్ రేడియో ప్రాజెక్ట్ వాళ్ళు వచ్చి పురుడు పోశారు. పాతకాలపు అమెరికా పల్లెల్లో ఊరంతా చేరి ఒక రైతు గొడ్లచావిడిని చూస్తుండగానే లేపేవారు. అదే పద్ధతిలో ఒక వారాంతంలో రేడియో స్టేషన్ లేపడం వీళ్ళ ఆచారం. పెళ్ళి పందిరి వేసినట్టే: ఒకడు రాట పాతుతాడు, ఒకడు తాడు కడతాడు, పదిమంది సలహాలు చెబుతారు. జన్మనక్షత్రం 98.9. కాల్‌సైన్ డబ్ల్యూఆర్‌ఎఫ్‌ఎన్-ఎల్‌పీ. ఆ చివరి ఎల్‌పీ అంటే 'లో పవర్', తక్కువ బలం. గజపతి, నరపతి అని బిరుదులు తగిలించుకునే లోకంలో తన అల్పత్వాన్నే బిరుదుగా పెట్టుకుని, చట్టం ప్రకారం గంటగంటకూ దాన్ని చాటుకునే వీరుడు నాకు ఏ పురాణంలోనూ తగల్లేదు.

ఈ మరుగుజ్జుల జాతిని పుట్టించిన శాసనం 2000 జనవరిలో వచ్చింది. 30 మీటర్ల ఎత్తు, 100 వాట్లు, వ్యాపార ప్రకటనలు నిషిద్ధం, బడులు, గుడులు, సంఘాల వంటివాటికి మాత్రమే. ఎత్తు పెంచుకుంటే ఆ మేరకు వాట్లు కోస్తారు. అంటే కొండెక్కినవాడికి గొంతు తగ్గిస్తారన్నమాట. ఇంత పకడ్బందీగా పుట్టినవాళ్ళను చూసి కూడా పెద్ద స్టేషన్లకు నిద్ర పట్టలేదు.

ఇక్కడ భాగవత కథ తిరగబడుతుంది. వామనుడు మూడడుగులు అడిగితే బలి ధారపోశాడు. అమెరికాలో అడిగినవాడు త్రివిక్రముడు, ఇవ్వవలసినవాడు వామనుడు! అక్కడ ఎఫ్‌ఎం గడికీ గడికీ ఎడం 0.2 మెగాహెర్ట్జ్. "నేను 98.9లో నిలబడితే 98.7లో నువ్వు ఉండకూడదు, 98.5లో ఉండకూడదు, 98.3లోనూ ఉండకూడదు, అటువైపూ ఇంతే" అని లక్ష వాట్లవాడు 100 వాట్లవాడి ముందు చెయ్యి చాచాడు. పెద్ద నగరాల్లో గడులన్నీ అప్పటికే కిక్కిరిసి ఉంటాయి గనుక, ఆ మూడో అడుగు సరిగ్గా వామనుడి నెత్తి మీదే పడింది. 2000 డిసెంబరులో కాంగ్రెస్ ఆ మూడడుగులనూ చట్టం చేసి, అనుమానం తీరడానికి ఒక పరీక్ష కూడా చేయించమంది. మైటర్ అనే సంస్థ 22 లక్షల డాలర్ల ఖర్చుతో పరీక్షించి, మూడో గడిలోని చిన్నవాడి వల్ల పెద్దవాడికి చెప్పుకోదగ్గ నష్టం లేదని 2003లో తేల్చింది. సత్యం తేలాక అడుగు వెనక్కి తీయాలి కదా. తీశారు, 2011 జనవరి 4న, ఒబామా సంతకంతో. మూడో అడుగు ఒక్కటే.

అయినా మా నాయకుడి కులధర్మం మారలేదు. చట్టంలో అతడి హోదా రెండో తరగతి. ముందు వచ్చావా, వెనుక వచ్చావా అన్న లెక్క పెద్దవాళ్ళ దగ్గర చెల్లదు. పెద్ద స్టేషన్ శ్రోతకు అడ్డు తగిలితే తట్టాబుట్టా సర్దుకోవలసింది ఇతడే.

అసలు ఆ అడ్డు ఎలా ఉంటుందో చూడకుండా యుద్ధవర్ణన రాస్తే పాపం. పాత ఏఎంలో రెండు స్టేషన్లు ఒకే చోట తగువులాడితే ఇద్దరి గొంతులూ వినబడి మధ్యలో ఒక ఈల వచ్చేది, అచ్చం ఉమ్మడి కుటుంబంలా. ఎఫ్‌ఎం అలా కాదు. అక్కడ రిసీవరు కాస్త బలంగా ఉన్నవాడిని పూర్తిగా పట్టుకుని రెండోవాడిని లేనేలేడన్నట్టు తుడిచేస్తుంది. ఇద్దరూ సమవుజ్జీలుగా తగిలే ఎల్లలో మాత్రం విజయలక్ష్మి ఎటూ తేల్చుకోలేదు. ఆ ఘట్టానికి వ్యావహారికం చాలదు గనుక ఒక వచనం:

అంత నా నాలుగుదారుల కూడలియందు నెఱ్ఱదీపంబు వెలుగ, పాత టొయోటా యను రథంబు నిలిచె. రథాగ్రంబున నాటిన చువ్వపై నిరువురు వీరు లొక్కుమ్మడిం గవిసిరి. ఒకండు లారీల విక్రయంబు గూర్చి మేఘగర్జనంబు సేయువాఁడు; ఒక్కతె చిక్కుడుగింజలు నానవేయు విధంబు మెల్లన వచించునది. రథంబు మూరెడు ముందునకు జరిగిన చిక్కుడుగింజలు గెలిచె, మఱియొక మూరెడు జరిగిన లారీలు గెలిచె. సారథి యొక బారెడు వెనుకకుం బోవ, గింజ లెన్ని గంటలు నానవలెనో తెలియు తఱిఁ బచ్చదీపంబు వెలిగె. వెనుకనున్న రథంబులు హారను శంఖంబులు పూరించె.

ఇది కవి అతిశయోక్తి కాదు. ఎఫ్‌ఎం తరంగం పొడవు మూడు మీటర్లు. కారు ఓ గజమో గజమున్నరో కదిలితే చాలు, గెలిచినవాడు ఓడిపోవచ్చు. గింజలు నానవేసే ఆవిడ నా కల్పన, ఆ ఓటమి కాదు.

ఓడినవాడు ఏం చేయాలి? మామూలుగా అయితే పక్క గడికో, రెండో గడికో, మూడో గడికో జరగవచ్చు. లేదా 53, 54 గడుల అవతలికి ఒక్క దూకు దూకవచ్చు. ఎందుకు అన్నే గడులంటే రేడియో కడుపులో దాగిన 10.7 మెగాహెర్ట్జ్ ఉపాఖ్యానం చెప్పాలి, మరో జన్మలో చెబుతాను. అయితే నిబంధనల్లో ఒక చిన్న తలుపు ఉంది: అంతరాయం తగ్గుతుందని సాంకేతికంగా రుజువు చేస్తే ఏ గడికైనా పోవచ్చు. ఆ రుజువే నా కావ్యంలో రాయబారం. ఇంజినీరు పటం పరిచి వృత్తాలు గీస్తాడు. ఈ వృత్తం ఆ వృత్తాన్ని తాకడం లేదు చూడండి, ఈ ఇంటి కప్పు దాకా వచ్చి ఆగిపోయింది చూడండి అంటాడు. పాండవులకు ఐదూళ్ళు అడిగిన కృష్ణుడు కూడా ఇన్ని పటాలు పట్టుకుపోలేదు.

రేడియో ఫ్రీ నాష్‌విల్ 98.9 విడిచి 107.1కి చేరింది. డయలు నడిబొడ్డు నుంచి ఊరి చివరి వీధికి. 107.9 దాటితే ఎఫ్‌ఎం ఊరే లేదు, ఆపైన విమానాలవాళ్ళ పొలాలు.

ఇలాంటి గృహప్రవేశాన్ని దగ్గరగా చూపించాలి. నేను పాస్క్వోలో లేను. వాల్మీకి లంకలో ఉన్నాడా? ఏంటెన్నా కడ్డీ పొడవు తరంగంలో సగం ఉండాలి. 98.9కి అది 1.52 మీటర్లు, 107.1కి 1.40. తేడా పన్నెండు సెంటీమీటర్లు, అంటే బెత్తెడున్నర. అన్ని రకాల ఏంటెన్నాలకూ కత్తెర పడదు, కొన్ని వెడల్పు గుండెవి, ఎటు తిప్పినా ఓర్చుకుంటాయి. కడ్డీ రకం ఉన్న నిరుపేద స్టేషన్ అయితే ఒకడు నడుముకు బెల్టు కట్టుకుని స్తంభం ఎక్కుతాడు. నోట్లో టేపు, జేబులో స్పానరు, చేతిలో యాక్సా బ్లేడు. నెల రోజుల సభలూ, పటాలూ, అర్జీలూ, ఆజ్ఞాపత్రాలూ అన్నీ కలిసి చివరికి బెత్తెడున్నర అల్యూమినియం ముక్కగా గడ్డిలో పడతాయి. ఆ పడిన చప్పుడు టంగుమని కూడా కాదు, టిక్కుమని.

కింద గదిలో ట్రాన్స్‌మిటరు ఆపి, బొత్తాం నొక్కి అంకెలు మారుస్తారు. మళ్ళీ ఆన్ చేసి అందరూ ఒక ముల్లు వైపు చూస్తారు. పైకి పంపిన బలంలో ఎంత వెనక్కి తిరిగొచ్చిందో చెప్పే ముల్లు అది. ఏంటెన్నాకు కొత్త ఫ్రీక్వెన్సీ నచ్చకపోతే పంపిన సారె పంపినట్టే వియ్యాలవారింటి నుంచి తిరిగొస్తుంది, ట్రాన్స్‌మిటరు కోపంతో వేడెక్కుతుంది. ముల్లు కొద్దిగా వణికి అడుగున పడుకుంటే అందరూ ఊపిరి వదులుతారు. అంతే, విజయం. పుష్పవృష్టి లేదు. ఎవరో కాఫీ పెడతారు.

ఆ కాఫీ కప్పు మీద ఇంకా 98.9 అనే ఉంటుంది. రాజ్యం మారినా టంకసాల మారదు. స్టిక్కర్లు, టీషర్టులు, సంత రోజు కట్టే గుడ్డ బ్యానరు, అన్నీ పాత నాణేలే. జింగిల్ కష్టం ఇంకా పెద్దది: 'నైన్'కు 'ఫైన్' అని ప్రాస కుదిర్చిన కవి ఇప్పుడు 'వన్'కు 'ఫన్' వెతుక్కోవాలి, యతి సంగతి దేవుడెరుగు.

పాదాలు సరిచేసుకోవచ్చు. శ్రోతను సరిచేయడమే కష్టం. మా నాయనమ్మ మర్ఫీ రేడియో అద్దం మీద విజయవాడ స్టేషన్ దగ్గర సున్నంతో ఒక చుక్క పెట్టుకుంది. ఆవిడకు ఫ్రీక్వెన్సీ తెలియదు, మీటర్లు తెలియవు. ఎర్ర ముల్లు తెల్ల చుక్క కిందికి వస్తే భక్తిరంజని వస్తుంది, అదే శాస్త్రం. వేసవిలో ఎవరో పిల్లవాడు ఆ చుక్కను తడిగుడ్డతో తుడిచేశాడు (పేరు చెప్పను, ఇప్పుడు వ్యాసాలు రాస్తుంటాడు). రెండు రోజులు ఇంట్లో అన్నం సహించలేదు. ఎఫ్‌సీసీవారి అర్జీ ఫారంలో ఏంటెన్నా ఎత్తుకు గడి ఉంది, అక్షాంశాలకు గడి ఉంది, సున్నం చుక్కలకు గడి లేదు.

మన దగ్గరా 100 వాట్ల వీరులున్నారు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. సంఘాలు రేడియో పెట్టుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నది 2006లో. అందాకా జహీరాబాద్ ప్రాంతపు డీడీఎస్ (దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) సంఘాల దళిత మహిళలు మాచ్‌నూర్‌లో కట్టుకున్న స్టూడియోలో కార్యక్రమాలు టేపు చేసి, ప్రసారం చేసే వీల్లేక సంఘం కూటముల్లో వినిపించుకున్నారు. వాళ్ళ సంగం రేడియో 2008 అక్టోబర్ 15న గాలిలోకి వచ్చింది. ఫ్రీక్వెన్సీ 90.4. ఢిల్లీలో రెండు విశ్వవిద్యాలయాల రేడియోలు కూడా అదే 90.4 మీద, ఒకే నగరంలో, చెరో మూలన మాట్లాడాయి. అక్కడ ఇద్దరూ వామనులే గనుక మూడడుగుల లెక్క ఎవరూ తీయలేదు కాబోలు.

హైదరాబాద్ నుంచి పుణె రోడ్డులో పోతూ సాయంత్రం ఏడు దాటాక జహీరాబాద్ దగ్గర పడితే కారు రేడియోను 90.4 మీదికి తెచ్చి చూడండి. సీక్ బటను మాత్రం నొక్కకండి, అది బలమైనవాళ్ళ దగ్గరే ఆగుతుంది. చేత్తో ఒక్కో గడీ జరుపుకుంటూ రండి.