లేత వన్నె తోచ: అంశమాపన పద్యానికి టీకా తాత్పర్యం

గాఢత తెలిసిన ద్రావణంతో గాఢత తెలియని ద్రావణం బలాన్ని తేల్చడం అంశమాపనం. దీనికి కావలసినవి ఒక గాజు గొట్టం, ఒక గాజు కుప్పె, ఒక రంగు. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో ఆక్సాలిక్ ఆమ్లం సాయంతో సోడియం హైడ్రాక్సైడ్ గాఢత కనుక్కునే విధానాన్ని ఒక ఆటవెలదిలో ఇమిడిస్తే ఇలా ఉంటుంది.

ఆ. చుక్క చుక్క విడిచి చూడవలెను రంగు
కుప్పె తిప్పి తిప్పి గురుతు నిలువ
లేత వన్నె తోచ లెక్కపెట్టవలయు
మూడుమార్లు నొకటి మోసపోక

ప్రతిపదార్థం: చుక్క చుక్క = బ్యూరెట్టులోని క్షారాన్ని బొట్టు బొట్టుగా; విడిచి = జారనిచ్చి; కుప్పె = ఆమ్లమున్న శాంకవ కుప్పెను; తిప్పి తిప్పి = మణికట్టు నొప్పి పుట్టేదాకా ఆడించి; రంగు = సూచికలోని మార్పును; చూడవలెను = కనిపెట్టవలెను; గురుతు = ఆ మార్పు; నిలువ = అర నిమిషం చెదరకుండగా; లేత వన్నె = పలచని గులాబి ఛాయ; తోచ = కనబడగానే; లెక్కపెట్టవలయు = బ్యూరెట్టు మీది అంకె రాసుకోవలెను; మూడుమార్లున్ = మూడుసార్లు చేసినా; ఒకటి = ఒకే విలువ; మోసపోక = భ్రమపడక. ‘వచ్చునట్లు’ అనేది అధ్యాహారం.

తాత్పర్యం: బ్యూరెట్టులో క్షారం నింపాలి. కుప్పెలో పిపెట్టుతో 20 మి.లీ. ఆక్సాలిక్ ఆమ్లం, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ సూచిక వేయాలి. కుప్పెను ఆడిస్తూ క్షారాన్ని వదలాలి. గులాబి ఛాయ వచ్చి నిలిచిందా, మర కట్టేసి రీడింగు రాయాలి. రీడింగులు కలిసేదాకా ఇదే పని.

విశేషాలు: చుక్కకు నక్షత్రమనీ మద్యమనీ కూడా అర్థాలున్నాయి, ప్రకరణాన్ని బట్టి రెండూ త్యాజ్యం. ఇక్కడి చుక్క సుమారు 0.05 మి.లీ. ఆమ్రేడితాన్ని చూసి మొదటి నుంచీ చుక్కలుగానే వదలాలనుకుంటే గంట కొట్టేలోపు ఒక్క రీడింగూ రాదు. మొదట ధార, కడపట చుక్క అని సంప్రదాయం. అందుకు కారణముంది. 25 మి.లీ. హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి అంతే గాఢత, అంటే 0.1 మోలార్, ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ కలుపుతూ పోతే పి.హెచ్. చాలాసేపు నత్తనడక నడుస్తుంది. చివరి రెండు చుక్కల్లో మాత్రం 4 దగ్గర నుంచి 10 దగ్గరకు ఎగురుతుంది. ధార కట్టేయకుండా కూర్చుంటే ఆ గెంతు కంటపడదు. ముదురు గులాబి రంగు మాత్రం పడుతుంది.

ఆమ్లంలోని హైడ్రోజన్ అయాను, క్షారంలోని హైడ్రాక్సిల్ అయాను కలిసి నీరవుతాయి, మిగిలినవి లవణమవుతాయి. ఇది తద్గుణాలంకారమని ఎవరైనా అనవచ్చు. కుదరదు. తద్గుణంలో ఒక వస్తువు తన గుణం వదిలి ఎదుటిదాని గుణం తీసుకుంటుంది. ఇక్కడ రెండూ తమ తమ గుణాలు వదులుకుంటాయి, ఎవరిదీ ఎవరూ తీసుకోరు. బలమైన ఆమ్లం, బలమైన క్షారం ఏ జంటయినా మోల్ నీటికి సుమారు 57 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. జంటలు వేరైనా జరిగే చర్య అదొక్కటే.

‘లేత వన్నె’కు బదులు ‘పసుపు వన్నె’ అని, అంటే మిథైల్ ఆరెంజ్ వాడమని, పాఠాంతరం చెబితే గణాలు సరిపోతాయి కాని యతి చెడుతుంది. రసాయనమూ చెడుతుంది. మిథైల్ ఆరెంజ్ ఎరుపు నుంచి పసుపుకు మారేది పి.హెచ్. 3.1, 4.4 మధ్య. ఆక్సాలిక్ ఆమ్లానికి ఇవ్వదగిన హైడ్రోజన్లు రెండు. అప్పటికి రెండోది ఇంకా సగం దారిలోనే ఉంటుంది. ఫినాఫ్తలీన్ 8 దాటాక గాని పలకదు, అందుకే పనికొస్తుంది. దీన్ని 1871లో తయారుచేసినవాడు అడాల్ఫ్ ఫాన్ బేయర్.

సూచికలు మనకు కొత్త కాదు. పసుపులో సున్నం కలిపితే ఎరుపెక్కి పారాణి అవుతుంది. దాని మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపే. పెళ్లికూతురి పాదాల మీద కనిపించేది క్షార పరీక్షే, కొలత ఒక్కటే లేదు. కొలత 1729 నాటికి ఫ్రాన్సులో మొదలైంది. క్లోద్ జోఫ్రువా వెనిగర్ బలం తెలుసుకోవడానికి అందులో పొటాసియం కార్బొనేట్ పొడి వేస్తూ పోయాడు. నురగ ఆగడమే అతనికి గురుతు. బ్యూరెట్, పిపెట్ అనే పేర్లు 1824లో ఫ్రెంచి రసాయనవేత్త గేలుసాక్ వాడినవి.

పద్యానికి ప్రాణం ‘వన్నె’. ఇంగ్లీషులో ఈ ప్రక్రియకున్న టైట్రేషన్ అనే పేరు ఫ్రెంచి ‘తీత్ర్’ నుంచి వచ్చింది. ఆ మాటకు బంగారం, వెండి మేలిమి అని అర్థం. గేలుసాక్ పారిస్ టంకశాలలో వెండి మేలిమి తేల్చే పనిలోనూ ఉన్నవాడు. తెలుగులో వన్నె అంటే రంగు. పదారువన్నె బంగారం అన్నప్పుడు మేలిమి. రంగు చూసి మేలిమి తేల్చే పనికి రెండర్థాలూ ఉన్న మాట తెలుగులో సిద్ధంగా ఉంది. ‘అంశమాపనం’ శాస్త్రీయమే కాని, ఏ అంశాన్ని దేనితో కొలుస్తారో ఆ పేరు చెప్పదు. ‘వన్నె చూడటం’ అంటే కంసాలికీ అర్థమవుతుంది, విద్యార్థికీ అర్థమవుతుంది.

‘గురుతు నిలువ’ అనడంలో ఔచిత్యం ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి కాసేపటికి గులాబి రంగును మింగేస్తుంది. అర నిమిషం నిలిస్తే చాలు. పది నిమిషాల తర్వాత పోయిందని మరో చుక్క వేసేవాళ్లు గాలిని అంశమాపనం చేస్తున్నట్టు.

‘లెక్కపెట్టవలయు’: సోడియం హైడ్రాక్సైడ్ తేమనూ కార్బన్ డయాక్సైడునూ పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని తూచి నమ్మలేం. ఆక్సాలిక్ ఆమ్లపు స్ఫటికాలు 1.575 గ్రాములు తూచి 250 మి.లీ. ద్రావణం చేస్తే 0.05 మోలార్. ఇందులో 20 మి.లీ.కు క్షారం 16 మి.లీ. ఖర్చయితే, ఒక మోల్ ఆమ్లానికి రెండు మోల్‌ల క్షారం కావాలి గనుక, క్షారం గాఢత 0.125 మోలార్. రెండుతో గుణించడం మరిచినవారికి 0.0625 వస్తుంది, పరీక్షలో ఈ అంకె తరచుగా దర్శనమిస్తుంది.

‘మోసపోక’ అన్నచోట వ్యాఖ్యాతలు ఆగాలి. కన్ను ద్రవపు నెలవంక అడుగు మట్టానికి రాకపోతే ఒక మోసం. మర కింద గాలిబుడగ ఉంటే ఒకటి. గరాటు తీయడం మరిస్తే ఇంకొకటి. బ్యూరెట్టును క్షారంతో, పిపెట్టును ఆమ్లంతో ఒకసారి నింపి పారబోయాలి. కుప్పెను కూడా ఆమ్లంతోనే కడగమనడం అపవ్యాఖ్య: అంటుకున్న ఆమ్లం 20 మి.లీ.కు తోడవుతుంది. దానికి నీళ్లే చాలు. తడి మిగిలినా ఆమ్లం మోల్‌లు మారవు. మూడు రీడింగులూ మొదటిసారే అచ్చంగా ఒకటిగా వచ్చిన రికార్డులో మోసపోయేది ఎవరన్నది మూలంలో స్పష్టం కాలేదు.

పద్యం చెప్పని పని ఒకటుంది. రీడింగు రాయగానే బ్యూరెట్టు ఖాళీ చేసి నీళ్లతో కడగాలి. క్షారం నిలవుంటే గాజు మర బిగుసుకుపోతుంది, మరి తిరగదు.