ఒక్క పేజీ షోపాన్

పియానో పాట ఎంత కష్టమో తేల్చడానికి లండన్‌లో ఏబీఆర్‌ఎస్‌ఎం అనే పరీక్షల సంస్థ ఉంది. పుట్టింది 1889లో. అది పెట్టే గ్రేడ్లు ఒకటి నుంచి ఎనిమిది దాకా. నడిమధ్యన నాలుగు, ఐదు, ఆరు. ఏ పాటయినా వాయించగలమనే ధైర్యం, ఏదీ పూర్తిగా రాదనే నిజం ఒకే ఇంట్లో కాపురముండేది అక్కడే.

మా గుత్తిలో లెక్క వేరు. పెళ్ళిళ్ళకూ చర్చికీ కీబోర్డు వాయించే మా తమ్ముడొకడు పల్లవినీ చరణాన్నీ ఖాతరు చెయ్యడు. మధ్యలో వచ్చే బిట్ ఎవరిదని అడుగుతాడు. ఇళయరాజాది అయితేనే కష్టం, తక్కినవన్నీ సులువు. నల్ల మెట్లు ఎక్కువున్నాయి కదా అంటే నవ్వుతాడు. "ట్రాన్స్‌పోజ్ బటన్ యాడికి పోయింది సార్?"

అతని ముందు షోపాన్ ప్రెల్యూడ్ పెట్టాను. ఓపస్ 28లో నాలుగోది, ఈ మైనర్, 1839లో అచ్చయింది. అంతా కలిపి 25 బార్లు, ఒక్క పేజీ. ఒకటే షార్పు. నడక నిదానం. కుడి చెయ్యి మొదటి మూడు బార్లూ రెండు స్వరాల మధ్యే తిరుగుతుంది. కంటితో చూస్తే రెండో గ్రేడు కూడా దండగే.

ఎడమ చేతిని చూడాలి. ఒక్కో బార్‌లో ఎనిమిదేసి కార్డులు, కార్డుకు మూడేసి స్వరాలు, అన్నీ మెత్తగా, అన్నీ సమానంగా. ఉన్నట్టుండి అందులో ఒక్క వేలు అరమెట్టు కిందికి దిగుతుంది. మిగతా రెండూ ఏమీ ఎరగనట్టు ఉండిపోవాలి. మళ్ళీ ఇంకో వేలు. మా ఊరి పేరు మోసే నీలి సాలీడు ఒకటుంది. గుత్తి రైల్వే కట్టెల యార్డులో దొరికితే పోకాక్ అనే ఆయన 1899లో దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అది ఎనిమిది కాళ్ళనూ తడబడకుండా నడిపిస్తుంది. అదే ఊరివాణ్ణి, నా నాలుగో వేలు మూడో వేలును అడగందే లేవదు.

పైగా నిదానం. వేగంగా పోయే పాటలో తప్పు పడినా వినేవాడు పట్టుకునేలోపు దాటిపోతాం. ఇందులో తప్పు పడితే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. తమ్ముడు నాలుగు బార్లు వాయించి, "బిట్టే నయం సార్" అని లేచిపోయాడు.

సాధనకు నా పద్ధతి ఇది. ముందు ఎడమ చెయ్యి ఒక్కటే. కార్డు మారిన చోట మాత్రం ఒకసారి నొక్కి, ఏ వేలు దిగిందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. ఆ దారి చేతికి వచ్చాకే ఎనిమిదేసి దెబ్బలు. కీబోర్డులో టచ్ ఆన్ చేసుకోవాలి, లేకుంటే మెత్తగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే మోత. పదహారో బార్ దగ్గర షోపాన్‌కు ఒక్కసారిగా ఆవేశం వస్తుంది, సాధన అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. ఎప్పుడూ మొదట్నుంచి వాయించేవాళ్ళకు మొదటి నాలుగు బార్లు అమోఘంగా వస్తాయి. ఊరినిండా ఉన్నది వాళ్ళే.

ఎడమ చేతి సాధన వారాలు సాగింది. పక్కింటాయన రైలింజను నడిపి రిటైరయినవాడు. గోడ మీదినుంచి తల పెట్టి, "ఏం సామీ, గూడ్సు పోతానే ఉంది, ప్యాసింజరు యెప్పుడొస్తాది?" అన్నాడు.

కుడి చెయ్యి కలిపిన రోజు వాళ్ళావిడ కూడా వచ్చి వింది. బాగుంది, దిగులుగా ఉంది, ఎవరిదన్నా అని అడిగింది. నేను ఉత్సాహంగా చెప్పాను: 1849 అక్టోబరు 30న పారిస్‌లో మదలేన్ చర్చిలో షోపాన్ అంత్యక్రియలు జరిగినప్పుడు దీన్నే ఆర్గన్ మీద వాయించారమ్మా అని.

"అట్లాటిది పొద్దున్నే వాయిస్తారానా? పాపకు సంబంధం మాట్లాడేదానికి ఆదోనోళ్ళు వస్తాండారు!"

తాంబూలాలు పుచ్చుకునేదాకా క్లెమెంటి సొనాటినా వాయిస్తున్నాను. సి మేజర్, మంచి హుషారు. ఆదోనివాళ్ళు కట్నం దగ్గర బిగుసుకున్నారట. ఈ లెక్కన సొనాటినాలు ఆరూ పూర్తయ్యేట్టున్నాయి.