తొట్టిలో సున్నపు తేట

నేను సున్నాన్ని. హైదరాబాదు పాతబస్తీలో నాకు చుట్టాలకు కొదవ లేదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్‌ను రాళ్ళు ఎంత మోస్తున్నాయో గచ్చూ అంతే పట్టి ఉంచింది. మినార్ల మీది పువ్వులూ తీగలూ మా పనే. 2019 మే నెలలో ఒక మినార్ నుంచి గచ్చు పెళ్ళ ఊడిపడితే పేపర్లన్నీ రాశాయి. అప్పటిదాకా పట్టి ఉంచినందుకు ఎవరూ ఒక ముక్క రాయలేదు! పత్తర్‌గట్టీ దుకాణాల్లో మెరిసే ముత్యాలూ మా వంశమే, ఆల్చిప్ప కడుపున పుట్టాయి కాబట్టి ధర పలుకుతాయి. తమలపాకుకు రాసే తెలుపును నేనే. ఇన్నిచోట్ల బతికిన నేను ఒక గాజు తొట్టిలోని సముద్రానికి వైద్యం చేయాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు.

పుట్టింది పల్నాడులో, పిడుగురాళ్ళ బట్టీల్లో. అక్కడి సున్నపురాయి ఒకప్పటి సముద్రపు అడుగు. యాభై కోట్ల ఏళ్ళకు పైబడిన మాట. ఇవాళ్టి రాతి పగడాల ముత్తాతలు కూడా అప్పటికి పుట్టలేదు. ఆ రాయిని 900 డిగ్రీల సెగలో కాలిస్తే లోపలున్న బొగ్గుపులుసు వాయువు లేచిపోతుంది. వంద కిలోల రాయి వేస్తే 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది, 44 కిలోలు గాలిపాలు. నీళ్ళు పోస్తే బుసకొట్టి, సలసలా కాగి, తడిసున్నం అవుతాను. అప్పటినుంచి నాది ఒకటే యావ, పోయిన ఆ వాయువును మళ్ళీ రాబట్టుకోవాలి. గోడకు పూస్తే గాలిలోంచి కొద్దికొద్దిగా పీల్చుకుని తిరిగి రాయినవుతాను. బడిలో పిల్లలు గొట్టంతో ఊదితే సున్నపు తేట పాలలా తెల్లబడేదీ ఆ యావతోనే. 1750లలో స్కాట్లండ్‌లో జోసెఫ్ బ్లాక్ అనే వైద్యుడు ఈ వాయువు గుట్టు పట్టుకున్నది నన్నూ, నా దాయాది మెగ్నీషియానూ కాల్చి చూసే.

నన్ను కొన్నది లాల్‌దర్వాజాలో, మహంకాళి గుడి వెనక గల్లీలో ఉండే పిల్లగాడు. లాడ్‌బజార్‌లో ఒక గాజుల దుకాణానికి లెక్కలు రాస్తాడు. ముందుగదిలో రెండు వందల లీటర్ల తొట్టి పెట్టాడు. సముద్రం ఇక్కడికి దాదాపు మూడు వందల కిలోమీటర్లు. కుతుబ్‌షాహీలకు మచిలీపట్నం ఓడరేవు ఉండేది, ఇతనికి ఉన్నది ఉప్పు పొడి బకెట్టు, ఆర్వో ఫిల్టరు. లీటరుకు 35 గ్రాముల చొప్పున కలిపితే సముద్రం తయారు. అందులో ఒక జత క్లౌన్ చేపలు, నత్తలు, మెత్తటి పగడాల జాతివి జొయాంథిడ్లు, మష్రూములు, ఒక లెదర్ పగడం. రాతి పగడాల జోలికి పోలేదు. వాటిని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, అంటే పులితో సమానం. చాటుగా అమ్మేవాళ్ళు లేకపోలేదు గానీ, లెక్కలు రాసేవాడికి చట్టమంటే కొంచెం భయం ఉంటుంది, ఉండాలి కూడా.

జబ్బు ఏమిటంటే పీహెచ్. సముద్రపు నీటికి 8.1 దగ్గర ఉంటుంది, ఇళ్ళలో తొట్టెలు పెట్టేవాళ్ళు 8.1 నుంచి 8.4 దాకా కోరుకుంటారు. ఇతని మీటరు రాత్రి 7.8, తెల్లవారుజామున 7.7 చూపించేది. 7, 10 అంకెల బఫర్ నీళ్ళలో మీటరును సరిచూసినా అదే మాట. రాళ్ళ మీద గులాబి రంగు నాచు సున్నపు పొరగా పాకాలి, అది ముందుకు కదలదు. నత్తల గుల్లలు మొన దగ్గర తెల్లగా అరుగుతున్నాయి. పీహెచ్ తగ్గినచోట నన్ను కూడగట్టుకోవడం ఏ ప్రాణికైనా ఖర్చుతో కూడిన పనే.

పిల్లగాడు ముందు వంటసోడా వేశాడు. చాలామంది చేసేది అదే. దానివల్ల నీటి క్షారత పెరుగుతుంది గానీ పీహెచ్ పెద్దగా కదలదు, కాసేపు కిందికి దిగనూ వచ్చు. బట్టల సోడా అయితే కొంత లేపుతుంది, గది గాలి మళ్ళీ దించేస్తుంది. క్షారత ఏడెనిమిది డీకేహెచ్ ఉంటే సరిపోయే తొట్టిలో పన్నెండు దాటించి కూడా 7.8 దగ్గరే నిలబడ్డాడు. ఎవరైనా వచ్చి నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని, తప్పు నీటిది కాదు బాబూ, నువ్వు పీల్చే గాలిది అని.

ఆ సంగతి అతనే పట్టుకున్నాడు, దానికి మెచ్చుకోవాలి. ఒక చెంబుడు తొట్టి నీళ్ళు డాబా మీదికి తీసుకెళ్ళి, చిన్న ఎయిర్ పంపుతో గంటసేపు బుడగలు కొట్టించాడు. పీహెచ్ 8.1కి ఎక్కింది. అదే చెంబును కిందికి తెచ్చి ముందుగదిలో గంటసేపు బుడగలు కొట్టిస్తే మళ్ళీ 7.8. మందు లేదు, మాకు లేదు. గాలి ఒక్కటే మారింది.

బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల వంతుల్లో 420 చిల్లర. తలుపులు బిగించి, ఏసీ వేసి నలుగురు పడుకున్న గదిలో వెయ్యి దాటడం మామూలే, రెండు వేలకూ పోతుంది. స్ప్లిట్ ఏసీ చల్లబరిచేది గదిలో ఉన్న గాలినే, కొత్తది తేదు. క్షారత మారకుండా ఈ వాయువు రెట్టింపైతే పీహెచ్ దాదాపు 0.3 పడిపోతుంది. రెండుసార్లు రెట్టింపైతే 8.2 నుంచి 7.6కి లెక్క తేలిపోతుంది. లోకమంతా కలిసి పారిశ్రామిక యుగం మొదలైనప్పటినుంచి సముద్రాన్ని 8.2 నుంచి 8.1కి దించింది. ఈ ముందుగది ఆ పనిని ఎన్నో రెట్లు చేసి ఒక్క రాత్రిలో ముగిస్తుంది. పైగా చీకటి పడితే నాచు వాయువును తినడం మానేస్తుంది, అందుకే తెల్లవారుజామున అంకె అడుగంటుతుంది.

మందు తెలిసింది, కిటికీ. కిటికీకి అడ్డం నానమ్మ.

"కిటికీ తెరుస్త నానమ్మా, తొట్టిల నీళ్ళకు గాలాడ్తలేదు."

"నాకు దోమలు కుడ్తే ఎవనికి చెప్పుకోవాలె? మూసీ దోమలు మామూలుగుంటయారా? తెరిచినవంటే సున్నంలకు బొక్క మిగలకుండ కొడ్తా!"

నా పేరు ఇంత ప్రేమగా ఇంకెవరూ వాడరు.

చివరికి వెంటిలేటర్ జాలీలోంచి సన్నటి గొట్టం బయటికి పంపి, స్కిమ్మర్ గాలి పీల్చే మూతికి తగిలించాడు. నురగ కొట్టే ఆ యంత్రం అప్పటినుంచి గల్లీ గాలి తాగుతోంది. ఆటోల పొగ కలిసినా అది ముందుగది గాలి కంటే నయమే. పీహెచ్ 8 చేరింది. గొట్టం బయటికి పోయే దారి లేని ఇళ్ళలో సోడా లైమ్ డబ్బా పెడతారు. అందులో ఎక్కువ పాలు నేనే, గాలి స్కిమ్మర్‌లోకి పోకముందే దానిలోని వాయువును మింగేస్తాను. ఆపరేషన్ థియేటర్లలో మత్తు యంత్రానికి తగిలించేదీ అదే సరుకు. అరిగిపోతే తెలుపు నుంచి ఊదా రంగుకు తిరుగుతుంది.

ఆ మిగిలిన కాస్త కోసం నన్ను పిలిచారు. పాన్ డబ్బాలోంచి కాదు, అందులో ఏమేం కలుపుతారో అమ్మేవాడికే ఎరుక. ప్రయోగశాలలకు రసాయనాలు అమ్మేచోట శుద్ధమైన పొడిగా కొన్నాడు. తెల్ల డబ్బా చూసి నానమ్మ, "ఇంత సున్నం తెచ్చినవు, ఆకులు తేకపోతివేందిరా" అంది.

నేను మహా మొండిదాన్ని. లీటరు నీటిలో ఒకటిన్నర గ్రాములకు కొంచెం పైన మాత్రమే కరుగుతాను, వేడినీళ్ళు పోస్తే ఇంకా తక్కువ. మిగిలింది అడుగున పేరుతుంది, పైన తెల్లటి మీగడ కడుతుంది. రెండూ వదిలేసి నడుమ తేట తీసుకోవాలి. దాని పీహెచ్ 12 పైన, కళ్ళలో పడితే ఆసుపత్రే. తొట్టిలో రోజూ ఆవిరయ్యే నీటికి బదులుగా ఆ తేటను రాత్రిపూట చుక్కచుక్కగా వదులుతాడు. పడిన ప్రతి చుక్కా నీటిలోని వాయువును పట్టుకుని బైకార్బొనేట్ చేస్తుంది, కాల్షియం ఎటూ నాతోనే వస్తుంది. నత్తకూ గులాబి నాచుకూ కావలసిన రెండూ ఒకే మూటలో అందుతాయి. ఇక్కడో తమాషా ఉంది, అవి గుల్ల కట్టుకుంటూ కొంత వాయువును తిరిగి నీళ్ళలోకే వదులుతాయి. బట్టీ పనే, సెగ లేకుండా.

ఒక్కసారిగా ఒంపితే మాత్రం నేను మందును కాను. పీహెచ్ 8.5 దాటి దూసుకుపోతుంది, నీళ్ళలో తెల్లటి మంచు కురిసినట్టు నేనే రాలిపోతాను, క్షారత కూలిపోతుంది. నీటిమట్టం చూసే ఫ్లోట్ స్విచ్‌కు నత్త అడ్డం పడినా చాలు. అందుకే పిల్లగాడు నన్ను పెట్టిన క్యానులో ఒక్కరోజుకు మించి తేట ఉంచడు.

ఆషాఢంలో బోనాల ఆదివారం అసలు పరీక్ష. ఇంటినిండా చుట్టాలు, రెండు పొయ్యిల మీద వంట, మైసాక్షి పొగ, పోతరాజు వచ్చినప్పుడు తలుపు దగ్గర తోపులాట. బోనం కుండ మీద పసుపు పక్కన తెల్ల బొట్లై నేనూ గుడికి పోయాను, తొట్టి దగ్గర ఆ పగలు కూడా చుక్కలై పడుతూనే ఉన్నాను. మేనత్త పిల్లలు తొట్టి అద్దానికి ముక్కులు ఆనించి ఊదారు. సాయంత్రానికి 7.9. నిరుడు ఇదే పండక్కి ఎంతకు పోయిందో అతని నోటుబుక్కులో ఎర్ర సిరాతో ఉంది, నేను చదవను.

నామీద ఇంట్లో ఒక్కటే ఫిర్యాదు. నీళ్ళు తిప్పే పంపుల ఇంపెల్లర్లకు రాయిలా పట్టుకుంటాను, శబ్దం చేస్తాయి. నెలకోసారి వాటిని విప్పి వెనిగర్ బకెట్లో నానేస్తారు. బుసబుసమని బుడగలు లేస్తాయి, రాబట్టుకున్న వాయువంతా మళ్ళీ వదిలేయడమే. అదీ ఎక్కడ, అదే ముందుగదిలో, తొట్టి పక్కనే, తలుపేసుకుని! ఆ బకెట్టును డాబా మీదికి తీసుకుపొమ్మని అతనికి ఎవరు చెప్పాలి? నానమ్మకు వాసన పడక రేపోమాపో తనే చెబుతుంది.