మామోద్బోధనము (టీకాతాత్పర్యసహితము)

మూలము

— మామా లే, వచ్చింది. బండి ఆపకు.
— ఏదిరా? మబ్బు కదా అది.
— ఫోన్లో చూడు.
— ఆఫైపోయింది.

అవతారిక

నలుగురు తెలుగు మిత్రులు డిసెంబరు సెలవులలో డల్లాసున విమానమెక్కి, అలాస్కాలోని యాంకరేజిలో దిగి, అద్దె కారు తీసికొని, 1971లో పూర్తయిన పార్క్స్ హైవే మీఁదుగా దాదాపు 580 కిలోమీటర్ల దూరముననున్న ఫెయిర్‌బ్యాంక్స్‌కు బయలుదేరిరి. అరోరాను, అనఁగా ఉత్తర ధ్రువకాంతులను, చూడవలెనని సంకల్పము. ఆ నెల నడుమ అచట పగలు నాలుగు గంటలైన నుండదు గావున దారి చాలవఱకు చీఁకటియే. త్రోవలో నేనానా అను చిన్న యూరు తగులును. అచట గడ్డకట్టిన తనానా నదిపై ఒక ముక్కాలిని నిలిపి, వసంతమున మంచు విఱిగి అది ఏ దినమున ఏ నిమిషమునకు కదలునో అని 1917 నుండి పందెములు కాయుచున్నారు. ముక్కాలి యని పేరే గాని దానికి కాళ్లు నాలుగు. ఇది ప్రకృతవిషయము కాదు. భీమవరము వైపు పుట్టిన వ్యాఖ్యాతకు పందెమన్న చోట కలము ఆఁగదు.

నేనానా దాటిన పిమ్మట, అర్ధరాత్రివేళ, ముందు సీటు మిత్రుఁడు తీసిన 48 సెకన్ల వీడియో ఈ మూలమునకు ఏకైక ప్రతి. బొమ్మ ఆసాంతము నలుపు. మాటలు మాత్రము స్పష్టము.

ప్రతిపదార్థము

మామా = ఓ మిత్రుఁడా. తల్లి తోఁబుట్టువు గాని పిల్లనిచ్చినవాఁడు గాని కాఁడు. ఇంజినీరింగు హాస్టలులో నాలుగేండ్లు ఒకే బకెట్టు వాడుకొన్నవారి నడుమ కలుగు చుట్టఱికమును ఈ పదము తెలుపును.

లే = మేలుకొనుము. "మీరు పడుకోండి, రాత్రంతా నేను చూస్తుంటా" అని యాంకరేజిలో పలికినవానికే ఈ సంబోధనము. అతఁడీ వ్యాఖ్యాతయే యగుటచే విస్తరింపము.

వచ్చింది = కర్త లోపించినది. మూఁడు గంటలుగా ఆ కారులో ఎదురుచూడఁబడినవి నాలుగు: పెట్రోలు బంకు, ఫోను సిగ్నలు, రోడ్డుకు అడ్డము వచ్చునని బోర్డులు బెదరించిన మూస్ అను మహామృగము, అరోరా. గొంతులోని సంతోషమును బట్టి మొదటిదే యని ఒక పక్షము. అది సాధువు కాదు. ఆనాఁడు కేపీ బాగున్నదని డ్రైవరు సాయంకాలము నుండి చెప్పుచునే యుండెను. కేపీ యనఁగా భూమి అయస్కాంతక్షేత్రపు కలఁతను 0 నుండి 9 వఱకు కొలుచు సూచిక. జాతకములు చూచు కె.పి. పద్ధతి కాదు. వెనుక సీటు మిత్రుఁడు అట్లే తలఁచి తన నక్షత్రము చెప్పెనని వినికిడి.

బండి ఆపకు = ఇది శ్లేష. కదలుచున్న బండిని నిలుపకుము, దారిలో లారీలు, మూస్‌లు కలవు, అని మొదటి యర్థము. నిలిపినను ఇంజినును ఆర్పకుము, మైనస్ 30 సెల్సియస్‌లో అది మరల అంటుకొనునను నమ్మకము లేదు, అని రెండవది. ఫెయిర్‌బ్యాంక్స్‌లో పార్కింగు స్థలములందు కరెంటు ప్లగ్గులుండును. రాత్రివేళ కారు ముక్కు నుండి వ్రేలాడు తీఁగను వానికి తగిలించి ఇంజినును వెచ్చగా నుంచుదురు. పెట్రోలు కారునకే సుమా. అడవి నడుమ ప్లగ్గు లేదు. డ్రైవరు పిదప ఫోను చూపినాఁడు గావున బండి అప్పటికే ఆఁగినదని కొందఱందురు. మా డ్రైవరునెఱిఁగినవారు ఈ హేతువును ఒప్పుకొనరు. నిర్ణయము ముందు.

మబ్బు కదా = ఈ పలుకునకు మిగిలిన మువ్వురు నేఁటికిని నవ్వుచున్నారు. ఈ నవ్వు శాస్త్రవిరుద్ధము. సూర్యుని నుండి వెడలిన కణముల ప్రభావమున, భూమి అయస్కాంతరేఖల వెంట దిగివచ్చు ఎలక్ట్రానులు నూఱు కిలోమీటర్లకు పైని ఆక్సిజనును తాఁకఁగా 557.7 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుఁగు పుట్టును. 200 కిలోమీటర్లకు పైని 630 నానోమీటర్ల యెఱుపు. ఇంతవఱకు వారికిని తెలియును. వారికి తెలియనిది కన్ను. వెలుఁగు మందముగా నున్నపుడు కంటిలోని శంకుకణములు పనిచేయవు, దండకణములే పనిచేయును, వానికి రంగు తెలియదు. కావున లేఁత అరోరా కంటికి బూడిదరంగు మబ్బు. ఫోను కొన్ని సెకన్ల వెలుఁగును ప్రోగుచేసికొని పచ్చగా చూపును. మబ్బన్నవాఁడు కన్నులతో చూచినది చెప్పెను. "గ్రీన్ గ్రీన్" అన్నవారు ఫోను చూచినది చెప్పిరి. వీరిలో సత్యవాది యెవఁడో పాఠకులే యెఱుంగుదురు. (వ్యాఖ్యాతకు ఇందు స్వార్థమున్నదను ఆక్షేపము మా దృష్టికి వచ్చినది. వచ్చిన తోడనే పోయినది.)

ఫోన్లో చూడు = నెత్తిమీఁద ఆకాశముండఁగా అఱచేతిలోనికి చూడుము. తిరుమల కంపార్టుమెంటులోని టీవీ దర్శనమును పోలినది. అచట గోడ అడ్డము, ఇచట అడ్డమేమియు లేదు.

ఆఫైపోయింది = కిటికీ వెలుపలికి చాఁపిన ఫోను చలికి బ్యాటరీ చచ్చి ఆఱిపోయినది. పాఠాంతరము: "అయిపోయింది", అనఁగా అరోరా ముగిసినది. ఈ పాఠము త్యాజ్యము. హేతువు విశేషములలో చూపఁబడును.

తాత్పర్యము

స్పష్టము.

విశేషములు

చివరి మాట తరువాత వీడియో ఇంకను 19 సెకన్లు నడచును. నిజముగా అయిపోయినచో ఎవఁడో యొకఁడు తిట్టవలసినది. నలుగురును ఒక్కసారి నోరు మూసికొన్న సందర్భము పదునాలుగేండ్ల స్నేహమున ఇదియొక్కటియే. వినవచ్చునవి ఇవి: తలుపులు తెఱచుకొనుట, మంచుపై బూట్ల కరకర, కొంత దూరము పోయి అదియు ఆఁగుట, ఎవఁడో ముక్కు ఎగఁబీల్చుట. ఎగఁబీల్చినది చలిచేతనే యని వ్యాఖ్యాత స్వానుభవమున చెప్పఁగలఁడు. వీనియన్నిటి వెనుక, కొంచెము దూరమున, నిలిచిన బండి ఇంజిను మ్రోత ఎడతెగక వినఁబడుచున్నది. కావున "ఆపకు" అనుచోట రెండవ యర్థమే గ్రాహ్యము.