కడుపులో ఏ సంచి ఉందో అడగండి

మా రోజుల్లో నాందేడ్‌లో షుగర్ పరీక్ష అంటే మూత్ర పరీక్షే. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల బెనెడిక్ట్ ద్రావణం పోసి, 8 చుక్కల మూత్రం కలిపి, స్పిరిట్ దీపం మీద కాచేవాళ్లం. నీలంగానే ఉంటే షుగర్ లేనట్టు. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగు తేలిందంటే ముప్పే. ఆ రంగు తేలేలోపు రోగితో మాట నడిచేది. పొద్దున తిన్నది జొన్నరొట్టెనా అన్నమా, సూది ఎప్పుడు వేసుకున్నావు, ఒళ్లు తూలుతోందా అని అడిగేవాళ్లం. ఇప్పుడు వేలికి ఒక పోటు, తెర మీద అంకె, వెంటనే ఇన్సులిన్ లెక్క. మనిషి మొహం చూసే తీరిక ఎవరికుంది?

మీటరు వద్దని నేననను. కిడ్నీలు చెడి మూత్రమే రాని మనిషికి మా గాజు గొట్టం ఎందుకూ పనికిరాదు. నా బాధంతా కడుపు డయాలసిస్ వాళ్ల గురించే.

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు మన తెలుగువాళ్లు పెద్ద జబ్బు చేస్తే హైదరాబాద్ బండెక్కుతారు. కొందరు కడుపులో గొట్టం పెట్టించుకుని ఇంటికొస్తారు. చేతులు శుభ్రంగా కడుక్కుని, మాస్కు కట్టుకుని, రెండు లీటర్ల సంచి కొక్కేనికి తగిలించి నీళ్లు కడుపులోకి వదులుతారు. కొన్ని గంటలాగి దించేస్తారు. రోజుకు మూడు నాలుగు మార్లు ఇదే పని. వారానికి మూడుసార్లు మెషిన్ దగ్గరికి పరుగెత్తే బాధ తప్పుతుంది. పల్లెవాళ్లకు ఇది నిజంగా మేలే.

కానీ ఒంట్లో నీరు లాగడానికి ఆ సంచిలో కలిపేది చక్కెరే. 4.25 శాతం సంచి అయితే రెండు లీటర్లలో 85 గ్రాముల డెక్స్‌ట్రోజ్ ఉంటుంది. అందులో చాలా భాగం రక్తంలోకి ఎక్కుతుంది. పథ్యం చేస్తున్న మనిషిని పట్టుకుని, చాటుగా ఏం తిన్నావని ఇంట్లోవాళ్లు నిలదీయడం ఎంత అన్యాయం!

రాత్రంతా కడుపులో ఉంచడానికి ఐకోడెక్స్‌ట్రిన్ అని ఇంకో రకం సంచి ఉంది. మంచిదే. అయితే అది ఒంట్లో మాల్టోజ్‌గా విరుగుతుంది. జీడీహెచ్-పీక్యూక్యూ రకం స్ట్రిప్పులు ఆ మాల్టోజ్‌ను కూడా గ్లూకోజ్‌గానే లెక్కేస్తాయి. షుగర్ పడిపోయి చెమటలు పోస్తున్నా మీటరు ఎక్కువే చూపిస్తుంది. దాన్ని నమ్మి ఇన్సులిన్ వేస్తే మనిషి కోమాలోకి పోతాడు. పైగా చెడిన కిడ్నీ ఇన్సులిన్‌ను త్వరగా విరగ్గొట్టి తొలగించలేదు కాబట్టి దాని పట్టు ఎక్కువసేపు ఉంటుంది. ఇలా మాల్టోజ్ వంటి వేరే చక్కెరలు మీటరును తప్పుదారి పట్టించడంతో 1997 నుంచి 13 మంది చనిపోయినట్టు తమకు నివేదికలు వచ్చాయని అమెరికా ఎఫ్‌డీఏ 2009 ఆగస్టులో హెచ్చరించింది. ఆ సంచి మానేశాక కూడా రెండు వారాల దాకా ఈ తేడా ఉండొచ్చు. తర్వాత చాలా స్ట్రిప్పుల తయారీ మారింది, నిజమే. అయినా చేతిలో ఉన్నది ఏ రకమో అడగందే ఎలా తెలుస్తుంది? డబ్బాలోని కాగితం మీద చీమ తలకాయంత అక్షరాలు, అవీ ఇంగ్లీషులో!

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఉంది కదా అంటారు. రక్తం తక్కువై ఎరిథ్రోపాయిటిన్ సూదులు వేసుకునే మనిషిలో అదీ ఉన్నదానికన్నా తక్కువ చూపించొచ్చు.

పాత కాంపౌండర్లు ముందు చెయ్యి పట్టుకునేవారు. చల్లటి చెమట తగిలితే, స్పృహ ఉంటే, అంకె కోసం ఆగకుండా గ్లూకోజ్ నీళ్లు తాగించేవారు. ఆ అలవాటు పోవడమే నాకు మింగుడుపడటం లేదు.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే రాత్రి సంచి పేరు తెలుగులో, మరాఠీలో రాసి జేబులో పెట్టండి. ఏ దవాఖానాకు పోయినా వేలికి పొడిచేముందే ఆ చీటీ చూపించండి. స్ట్రిప్పులు కొనేటప్పుడు మాల్టోజ్‌తో తేడా వస్తుందా అని డాక్టరునే అడగండి. మనిషి తూలుతూ ఉంటే మీటరు ఎంత ఎక్కువ చూపినా ఇన్సులిన్ వేయకుండా వెంటనే దవాఖానాకు తీసుకుపోండి, రక్తం ల్యాబుకు పంపించమనండి.